కనపడకపోవడమే నా ఉద్యోగం

నేను ఒక పచ్చ గుడ్డను. మామూలు ఆకుపచ్చ అనుకునేరు, కాదు. చిలకపచ్చ. అల్లంత దూరం నుంచే కళ్ళు జిగేల్‌మనే పచ్చ. ఇంత రంగు అద్ది పుట్టించి చివరికి నాకిచ్చిన ఉద్యోగం ఏమిటో తెలుసా? కనపడకుండా ఉండడం. నవ్వకండి, నిజంగా అదే ఉద్యోగం. నా ముందు ఒక మనిషి నిలబడాలి, మూడు కెమెరాలు ఆ మనిషిని చూడాలి, ఆ తర్వాత కంప్యూటర్ ముందు ఒకాయన కూర్చుని నన్ను ఆనవాలు లేకుండా తీసేసి నా చోట తనకు కావలసిన బొమ్మ పెట్టుకోవాలి. నన్ను ఎంత శుభ్రంగా తీసేస్తే నేను అంత బాగా పనిచేసినట్టు లెక్క. మనుషుల్లోనూ ఇలాంటి ఉద్యోగాలు బోలెడు ఉన్నాయని తర్వాత తెలిసిందిగానీ, మొదట్లో మాత్రం నాకు భలే ఉక్రోషంగా ఉండేది.

నేను మరమగ్గం మీద పుట్టాను. అసలు సిసలు నూలు. మా తానులో నాతోపాటు పుట్టినవాటిలో ఒకటి ఆసుపత్రిలో మంచానికీ మంచానికీ మధ్య తెరైంది, కొన్ని చీరల కింద లంగాలయ్యాయి, ఒకటి పెళ్ళి పందిట్లోకి వెళ్ళిందని విన్నాను. నేను మాత్రం కాకినాడలో ఒక బట్టల కొట్టు అరలో చాలాకాలం పడి ఉన్నాను. ఒకరోజు ఒక టీచరమ్మ, ఆవిడతో ఒక మాస్టారు వచ్చారు. కొట్టాయన అలవాటుగా తళతళలాడే శాటిన్లు పరిచాడు. మాస్టారు వద్దన్నారు. మెరిసేది వద్దట, వెలుగు పడితే తిరగకొట్టనిది కావాలట. మెరవని గుడ్డ కావాలని అడిగినవాళ్ళను కొట్టాయన అదే మొదటిసారి చూడడం. నన్ను తీసుకెళ్ళి గుమ్మంలో ఎండకు పట్టి, నలిపి, వేళ్ళతో రాసి, సరేనన్నారు. శామియానాకా అండీ అని కొట్టాయన అడిగితే టీచరమ్మ నవ్వి, సైన్సు పాఠానికండి అంది. ఆయన ఇంకేమీ అడగలేదు.

ఆ టీచరమ్మ పేరు అనుపమ. కాకినాడలోనే బధిరుల పాఠశాలలో సైన్సు చెబుతుంది. వినలేని పిల్లలకు సైగల భాషలో పాఠం చెప్పడం ఆవిడ పని. మీకు తెలియని ఒక చిక్కు చెబుతాను. మామూలు బడిలో మాస్టారు బోర్డు వైపు తిరిగి బొమ్మ గీస్తున్నా నోరు ఆగదు, పాఠం నడుస్తూనే ఉంటుంది. అనుపమ గారికి ఆ వీలు లేదు. చేతిలో సుద్దముక్క ఉంటే మాట లేదు. వీపు తిప్పితే మొహమూ లేదు, సైగల్లో సగం మాట మొహంలోనే ఉంటుంది. బొమ్మ గీస్తే పాఠం ఆగాలి, పాఠం చెబితే బొమ్మ ఆగాలి. ఆవిడ తమ్ముడు గిరిధర్ కూడా వినలేడు. ఇలాంటి బోర్డు ముందే కూర్చుని పదో తరగతిలో సైన్సు తప్పి, సిగ్గుపడి చదువు మానేసి, ఇప్పుడు ఫ్లెక్సీలు అచ్చువేసే చోట పనిచేస్తున్నాడు. ఆవిడ టీచరైంది అందుకే.

ఆ ఏడు పదో తరగతిలో ఎనిమిది మంది పిల్లలు. వేసవిలో పబ్లిక్ పరీక్షలు. అనుపమ గారికేమో అయిదో నెల, సంక్రాంతికి ముందే పురుడు. ఆవిడ సెలవు పెడితే సైన్సూ, సైగలూ రెండూ వచ్చిన మరో మనిషి జిల్లాలోనే లేరు. అందుకని వెళ్ళేలోగా కష్టమైన పది పాఠాలు వీడియోలుగా తీసి పెట్టాలని పట్టుబట్టింది. వెనకాల బొమ్మ, ముందు ఆవిడ, చేతులు ఖాళీగా. ఆ వెనకాల బొమ్మ కోసమే నేను. ఆ పది పాఠాలు పూర్తి కాకపోతే ఎనిమిది మందీ గిరిధర్‌లే అవుతారని ఆవిడ భయం.

నన్ను మొదట ఇంటికి తీసుకెళ్ళారు. అనుపమ గారి అత్తగారు అచ్చియ్యమ్మ గారు వెడల్పు చాలదని రెండు ముక్కలుగా కొన్న నన్ను కుట్టుమిషను మీద కలిపి కుట్టి, అంచులు మడిచి, మెచ్చుకోలుగా చూసి, కొత్త బట్టకు చేసినట్టే నా నాలుగు మూలలా పసుపు పెట్టారు. నాకు ఒళ్ళు పులకరించింది. ఎవరూ కట్టుకోని గుడ్డకు కూడా పసుపు పెట్టే మనిషి ఆవిడ. తీరా బడిలో పీవీసీ పైపుల చట్రానికి నన్ను బిగించి తొలి వీడియో తీస్తే, కంప్యూటర్ నన్ను తీసేసింది గానీ పసుపును వదిలేసింది. అనుపమ గారి వెనక సూర్యకుటుంబం బొమ్మ పెడితే, ఎవరూ కనిపెట్టని నాలుగు కొత్త గ్రహాలు వెలిశాయి. సబ్బు పెట్టి రుద్దితే ఆ చుక్కలు ఎర్రబడ్డాయి. అనుపమ గారు ఎగిరి గంతేసినంత పనిచేసి, పిల్లల్ని పిలిచి, సబ్బు క్షారం కాబట్టి పసుపు ఎర్రబడిందని అక్కడికక్కడే ఒక పాఠం చెప్పేసింది. నా మరకలు పాఠమైపోయాయి. మరకలు పోలేదు, అది వేరే సంగతి. కెమెరాలను కాస్త ముందుకు జరిపి సర్దుకున్నారు.

ఇక కంప్యూటర్ ముందు కూర్చునే ఆయన సంగతి. కొట్లో నన్ను ఎంచిన మాస్టారే, పేరు జిలానీ, బడిలో కంప్యూటర్ చెబుతారు. అంతకుముందు పెళ్ళి వీడియోలు తీసేవారు. పెళ్ళికొడుకునూ పెళ్ళికూతుర్నీ తామరపూల మధ్య, హంసల పక్కన నిలబెట్టి ఎన్ని జంటలను మేఘాల్లో ఊరేగించారో ఆయనకే తెలియదు. కానీ ఆ పాత సాఫ్ట్‌వేర్ ఇప్పుడు ఏ కంప్యూటర్లోనూ తెరుచుకోదు. కొత్తది వెతకాలి. తెలిసినవాళ్ళందరినీ అడిగారు. ప్రతివాళ్ళూ తాము వాడేదాన్ని, మంచి సంబంధం ఉందండి వదులుకోకండి అన్నట్టు చెప్పారు. చెప్పినవాళ్ళలో ఒక్కరూ పిల్లలు ఏం చూడాలో అడగలేదు. నేను కంప్యూటర్ గది గోడకే వేలాడుతూ ఉండేదాన్ని కాబట్టి ఆ పెళ్ళిచూపులన్నీ నా కళ్ళముందే జరిగాయి.

మొదటిది మహా సులువైనది. ఒక్క నొక్కు నొక్కితే నేను మాయం. జిలానీ మాస్టారు మురిసిపోయారు. పిల్లలకు చూపించారు. నాగమణి అని ఒక పిల్ల ఉంది, తరగతిలో అందరికంటే చురుకు, మొహమాటం బొత్తిగా లేదు. చెయ్యెత్తి సైగ చేసింది: టీచరు సగం సగం మాట్లాడుతోంది, మిగతా సగం నమిలి మింగేస్తోంది. విషయం ఏమిటంటే, నన్ను తీసేసే తొందరలో ఆ సాఫ్ట్‌వేర్ ఆవిడ వేళ్ళ కొసలు కూడా గీకేసింది. చేతులు వేగంగా కదిలినప్పుడల్లా వేళ్ళు కరిగిపోతున్నాయి. హంసల పక్కన నిలబడ్డ పెళ్ళికొడుక్కి వేలి కొస పోతే ఎవరూ చూడరు. ఇక్కడ వేలు పోతే మాట పోతుంది. దాన్ని పక్కన పెట్టారు.

రెండోది బాగా చదువుకున్నది. మూడు కెమెరాల్లో తీసినవి ఇస్తే చాలు, తనే కలుపుకుంటానంది. మూడు కెమెరాలు ఎందుకంటే, ఎదురుగా ఒకటి, చెయ్యి ఎంత ముందుకు వచ్చిందో తెలియాలని పక్కనుంచి ఒకటి, మొహానికి దగ్గరగా ఒకటి. ఎదురుది బడిది, పక్కది మాస్టారి పెళ్ళిళ్ళనాటిది, మూడోది అనుపమ గారి భర్త ఫోను. మాస్టారు రెండు పాఠాలు తీసి దానికి అప్పగించారు. అది కాసేపు గిరగిర తిరిగి, కలపలేనని చెప్పింది. ఎందుకో తెలియక ఆయన రెండు రోజులు జుట్టు పీక్కున్నారు. చివరికి తేలింది ఏమిటంటే, అది మూడు కెమెరాల శబ్దం విని, ఎక్కడ ఒకేలా ఉందో చూసుకుని కలుపుతుంది. వీళ్ళేమో మాటలే లేని పాఠానికి మైకెందుకని మూడు మైకులూ ఆపేశారు! నాకు నవ్వాగలేదు, కొద్దిగా ముడతలు కూడా పడ్డాను. మైకులు పెట్టి మళ్ళీ తీస్తే అందులో పడింది ఫ్యాను శబ్దం ఒక్కటే. ఫ్యానుకు మొదలేది, చివరేది? ఎదురు కెమెరాలో ఆవిడ చేతులు కాంతి గురించి చెబుతుంటే, పక్క కెమెరాలో చేతులు ఇంకా అద్దం దగ్గరే ఉన్నాయి.

దానికి మందు ఆ బడిలోనే ఉంది. అక్కడ పిల్లల్ని పిలవాలంటే కేకలు వేసి లాభం లేదు కదా, గదిలో ట్యూబులైటు ఒకసారి ఆర్పి వెలిగిస్తారు. అందరూ తలెత్తుతారు. పాఠం మొదలుపెట్టే ముందు అనుపమ గారు అలవాటుగా చెయ్యి చాచి స్విచ్చి నొక్కింది. మూడు కెమెరాలూ ఆ రెప్పపాటు చీకటిని చూశాయి. మాస్టారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. ఆ చీకటి దగ్గర గుర్తు పెట్టి మూడింటినీ కలిపేయొచ్చు! కానీ ఆ చదువుకున్న సాఫ్ట్‌వేర్‌కు చెవులే గానీ కళ్ళు లేవు. మనం పెట్టిన గుర్తును అది ఒప్పుకోలేదు. దానికీ ఒక నమస్కారం పెట్టేశారు.

మూడోది చూడ్డానికి బండగా, అన్నీ మీటలతో, మొదటిసారి చూస్తే భయం వేసేలా ఉంటుంది. బడి కంప్యూటర్ దాన్ని మోయలేక ఆయాసపడేది. అందుకని మాస్టారు ముందు వీడియోలకు చిన్న సైజు నకళ్ళు తీసుకుని, కోతలన్నీ వాటిమీద కోసి, చివర్లో అసలువి తగిలించేవారు. కానీ అది మనం పెట్టిన గుర్తు దగ్గర బుద్ధిగా మూడింటినీ కలిపింది. నన్ను మెల్లగా, వేళ్ళ చుట్టూ జాగ్రత్తగా తీసింది. గోళ్ళతో సహా వేళ్ళు మిగిలాయి. నాగమణి రెండుసార్లు చూసి, బొటనవేలు ఎత్తింది. అందులో రంగుల చక్రం ఒకటి ఉండేది. ఏ రంగు చూపిస్తే ఆ రంగు తీసేస్తానంటుంది. మనకు పచ్చ చాలు, ఈ చక్రాలెందుకని మాస్టారు దాన్ని మూలకు నెట్టేశారు. నేనూ అదే అనుకున్నాను. నా ఉద్యోగానికి ఎసరు పెట్టేది అదేనని నాకేం తెలుసు?

నాలుగు పాఠాలు చకచకా అయ్యాయి. తెర మీద నేను ఉండను గానీ, నా చోట వెలిసిన కంటి నిర్మాణాన్నీ కటకాలనూ పిల్లలు కళ్ళార్పకుండా చూస్తుంటే చూసేదాన్ని. కాస్త గర్వం కూడా వచ్చింది.

అప్పుడు సీమంతం జరిగింది. సోమవారం అనుపమ గారు రెండు చేతుల నిండా గాజులతో బడికి వచ్చింది. మోచేతి దాకా, వత్తుగా, గలగలలాడుతూ. ఏ రంగనుకున్నారు? చిలకపచ్చ. నా సొంత అక్కచెల్లెళ్ళలా ఉన్నాయి. కెమెరాలో ఎవరికీ తేడా తెలియలేదు. విద్యుత్తు పాఠం మొత్తం తీశారు. తీరా జిలానీ మాస్టారు నన్ను తీసేయమంటే, సాఫ్ట్‌వేర్ నాతోపాటు గాజులన్నీ తుడిచిపెట్టేసింది. భుజం నుంచి మోచెయ్యి దాకా ఒక ముక్క. తర్వాత ఏమీ లేదు, బల్బూ బ్యాటరీ బొమ్మ. ఆ పైన గాలిలో రెండు అరచేతులు వాటంతటవే పాఠం చెప్పుకుంటున్నాయి. పిల్లలు మొదట పగలబడి నవ్వారు. తర్వాత నాగమణి ఆ చెయ్యి ఎటు తిరిగిందో, అది ఏ మాటో తెలియడం లేదని సైగ చేసింది. అప్పుడు ఎవరూ నవ్వలేదు.

రెండు గంటలు గాజులు తీసి పెట్టండి మేడమ్ గారూ అని మాస్టారు బతిమాలారు. ఆవిడ ఇంట్లో అడిగింది. అచ్చియ్యమ్మ గారు ససేమిరా అన్నారు. సీమంతం గాజులు పురుడయ్యేదాకా చేతినుండి దిగకూడదు, అంతే. అనుపమ గారికి అంత పట్టింపు లేదుగానీ, అత్తగారి మనసు కష్టపెట్టడమంటే ప్రాణం మీదకు వచ్చినట్టు. గాజుల మీద తెల్లగుడ్డ చుట్టి చూశారు. చేతులు కొయ్యబారిపోయి, దెబ్బతగిలిందా టీచర్ అని పిల్లలు కంగారుపడ్డారు. మాస్టారు వీడియోలోని ఒక్కొక్క బొమ్మ మీదా చేత్తో గీతలు గీసి గాజులను వెనక్కి తెద్దామని కూర్చున్నారు. ఒక రోజంతా గీస్తే ఒక్క నిమిషం పాఠం వచ్చింది, అది కూడా వణుకుతూ. వారం గడిచిపోయింది. ఆవిడ కాళ్ళకు నీరు వచ్చింది. డాక్టరమ్మ, ఇంకో మూడు వారాలు, ఆపైన నిలబడే పని వద్దంది. ఇంకా ఆరు పాఠాలున్నాయి. ఆ సాయంత్రం ఆవిడ నా ముందు స్టూలు మీద కూర్చుని ఏడ్చింది. నేను ఆవిడ వెనకే ఉన్నాను, నాకేమీ చేతకాలేదు. ఆ ఏడుపుకు కారణం నేనేనని తలుచుకుంటే నా రంగు మీద నాకే అసహ్యం వేసింది.

మర్నాడు మధ్యాహ్నం అచ్చియ్యమ్మ గారు క్యారేజీ పట్టుకుని బడికి వచ్చారు. కోడలు పొద్దున తినకుండా వచ్చిందని. కంప్యూటర్ గదిలో అడుగుపెట్టేసరికి తెర మీద కోడలు, చేతులు తెగి గాలిలో ఆడుతూ. ఆవిడ క్యారేజీ బల్ల మీద పెట్టి అక్కడే చతికిలబడ్డారు.

"ఏంటండీ మాస్టారూ ఇది? కడుపుతో ఉన్న పిల్లకి చేతులు తెంపేశారేంటండీ?"

జిలానీ మాస్టారు నీళ్ళు తాగించి, ఓపిగ్గా మొత్తం చెప్పారు. నేనెందుకు ఉన్నానో, గాజులెందుకు పోయాయో, పిల్లలకు ఏమి తెలియకుండా పోతోందో అన్నీ. గాజులు తీయమని మళ్ళీ అడగడానికి మాత్రం ఆయనకు నోరు రాలేదు. ఆవిడ విన్నారు. తెర చూశారు, పక్కన నిలబడ్డ కోడలి చేతులు చూశారు, చివరికి నావైపు తిరిగారు. ఆ చూపు నాకు ఇప్పటికీ గుర్తే.

"గాజులు తియ్యడానికి ఎలాగూ వీల్లేదండి. గుడ్డ మార్చడానికేవొచ్చిందీ?"

రెండు డిగ్రీలున్న మాస్టారికీ, బంగారు పతకం తెచ్చుకున్న టీచరుకీ వారం రోజులుగా తట్టని మాట అది. పచ్చ తెర అనగానే పచ్చగానే ఉండాలని ఇద్దరూ అనుకున్నారు, అంతే. మాస్టారు ఆ మూలకు నెట్టేసిన రంగుల చక్రాన్ని తెరిచి, మెల్లగా అన్నారు: "ఆయ్, మార్చొచ్చండి. నీలం అయితే సరిపోద్దండి."

మర్నాడు పొద్దున్నే అచ్చియ్యమ్మ గారు రెండు నీలం నూలు చీరలు తెచ్చారు. సాదా నీలం, ఏళ్ళ తరబడి ఉతికి ఉతికి వెన్నలా మెత్తబడ్డవి. అంచులు అప్పటికే కత్తిరించి, రెండూ కలిపి కుట్టేశారు. అనుపమ గారు వాటిని చూడగానే ఆగిపోయింది. బీరువాలో అడుగున మడతపెట్టి ఎవర్నీ ముట్టుకోనివ్వని చీరలు అవి.

"ఉయ్యాలకని దాచానమ్మా," అన్నారు అచ్చియ్యమ్మ గారు. "ముందు ఈ పిల్లల పని కానియ్యి."

అనుపమ గారు అత్తగారి భుజం మీద మొహం పెట్టుకుంది.

నన్ను చట్రం నుంచి విప్పేశారు. నిజం చెప్పొద్దూ, నాకు ఒళ్ళు మండింది. ఆ నీలం చీరకు కెమెరా ముందు నిలబడిన అనుభవం ఉందా, పాడా? ఒకచోట వెలిసింది, ఒకచోట చిక్కబడింది. కానీ ఆ మూడో సాఫ్ట్‌వేర్ దాన్ని కూడా నన్ను తీసినంత శుభ్రంగానే తీసేసింది. గాజులన్నీ తిరిగి వచ్చాయి. చెయ్యి తిరిగిన ప్రతిసారీ ఆ పచ్చ వరుస మెరిసి, మణికట్టు ఎటు వంగిందో పిల్లలకు ఇంకా బాగా తెలిసిందట. నన్ను మడిచి బల్ల మీద పెట్టారు కాబట్టి ఆ ఆరు పాఠాలూ నేను పక్కనుంచి చూశాను. చివరి రెండు ఆవిడ స్టూలు మీద కూర్చునే చెప్పింది. పదో పాఠం అవగానే ట్యూబులైటు ఆర్పి వెలిగించింది. పిల్లలు ఎనిమిది మందీ చేతులు పైకెత్తి, వేళ్ళు విప్పి గాలిలో గలగలా తిప్పారు. వాళ్ళ చప్పట్లు అవే. అంత నిశ్శబ్దంగా అంత సందడి నేనెప్పుడూ చూడలేదు. మర్నాడు ఆవిడ పిఠాపురం పుట్టింటికి వెళ్ళిపోయింది.

నన్ను బడిలో ఒక ఇనప బీరువాలో పడేశారు. నా కథ ఇక్కడితో సరి అనుకున్నాను. కొన్ని నెలల తర్వాత జిలానీ మాస్టారు నన్ను చంకలో పెట్టుకుని అచ్చియ్యమ్మ గారింటికి తీసుకెళ్ళారు. చీరలు తిరిగి ఇవ్వలేనని, మేడమ్ గారు రాగానే తొమ్మిదో తరగతి పాఠాలు కూడా మొదలుపెడతామని నసిగి, బదులుగా నన్ను గుమ్మంలో పెట్టారు. ఆవిడ నన్ను వేళ్ళతో రాసి చూశారు. బిరుసుగా ఉన్నానని పెదవి విరిచారు. వరసగా ఎన్నిసార్లు ఉతికారో, ఎన్నిసార్లు ఎండేశారో నాకే లెక్క తెలియదు. నా జిగేల్ అంతా పోయింది. పోతే పోయింది, మెత్తబడ్డాను. అప్పుడు మధ్య కుట్టు విప్పి, వాసానికి తాడు వేసి, నన్ను ఉయ్యాలగా కట్టారు. మూలకు పసుపు పెట్టబోయి ఆగి నవ్వుకున్నారు. పాత మరక అక్కడే ఉంది.

పాపకు అయిదో నెలలో అనుపమ గారు అత్తవారింటికి వచ్చింది. అప్పటికి పది ఫలితాలు కూడా వచ్చాయి. ఎనిమిది మందిలో ఏడుగురు గట్టెక్కారు. ఎనిమిదోవాడు రెండు మార్కులతో సైన్సు తప్పాడు, జూన్‌లో మళ్ళీ రాస్తాడు. వాడు చదువు మానలేదు. విద్యుత్తు పాఠం రోజూ చూస్తున్నాడట, టీచరు గాజులు లెక్కపెట్టేంత. ఒక ఆదివారం ఎనిమిది మందీ కలిసి పాపను చూడ్డానికి వచ్చారు. గిరిధర్ కూడా వచ్చాడు. ఉయ్యాల చుట్టూ చేరి, మేనకోడలికి వాడూ, టీచరు కూతురికి వాళ్ళూ, చేతులు పైకెత్తి వేళ్ళు గలగలా తిప్పారు.

పాప ముందు ఆ చేతులను చూసింది. తర్వాత తల తిప్పి నావైపు చూసింది. నా చోట ఏ బొమ్మా లేదు. నాకు కాళ్ళు చేతులు ఆడలేదు, అవి లేవు కాబట్టి సరిపోయింది. ఇన్నాళ్ళూ నన్ను ఎలా తీసేయాలా అని మూడు సాఫ్ట్‌వేర్లు, మూడు కెమెరాలు పెట్టుకుని చూసినవాళ్ళే అందరూ. నన్ను నన్నుగా చూసి నవ్వింది ఈ పిల్ల ఒక్కతే. అలా నవ్వుతూనే నన్ను నిలువునా తడిపేసింది.